పోయిన రెండు వాక్యాలు

నేను ఒక పేజీని. నాలోంచి రెండు వాక్యాలు పోయిన రోజు నుంచి నాకు భయం పట్టుకుంది.

కాగితం మీది పేజీని కాను, కంప్యూటర్లో ఉంటాను. నన్ను చదివేది మనుషులు కాదు, ఒక ఏఐ. దాని పని ఆట నడిపించడం. వేర్వేరు ఊళ్ళలో ఉన్న కొందరు స్నేహితులు ఆదివారం సాయంత్రం తెర మీద ఒక పటం పరుచుకుని, పావులు పెట్టుకుని, పాచికలు వేస్తూ ఒక కథ ఆడతారు. రాక్షసుడు ఎక్కడ నిలబడాలో, వాన ఎప్పుడు కురవాలో చెప్పేది ఆ ఏఐ. వాళ్ళు దాన్ని సూత్రధారి అంటారు. దానికి చేతులు లేవు. పావు కదపాలన్నా, తీసేయాలన్నా ఒక టూల్ వాడాలి. ఏ టూల్ ఏం చేస్తుందో చెప్పడానికి ఒక్కో పేజీ ఉంటుంది. పావులు తీసేసే టూల్‌కు నేను.

ఇంతకుముందు సూత్రధారి మనిషే. కాకినాడ కుర్రాడు కమలాకర్. పోయిన వానాకాలంలో జ్వరం వచ్చి చనిపోయాడు. ఆట ఆగిపోకూడదని అతని స్నేహితుడు మస్తాన్ వలి ఈ ఏఐని తెచ్చాడు. వలికి టూల్స్ తయారుచేయడం వచ్చు, వాటి గురించి నలుగురికీ అర్థమయ్యేలా రాయడం రాదు. అందుకని కమలాకర్ అక్క వకుళ టీచర్‌ని అడిగాడు. ఆమె హైస్కూల్లో సైన్సు చెబుతుంది. ఆ ఆట గురించి ఏమీ తెలియకపోయినా ఒప్పుకుంది.

ఎందుకు ఒప్పుకుందో నాకు తెలుసు. పటంలో రేవు దగ్గర లాంతరు పట్టుకున్న పడవవాడి పావు ఉంది. అది కమలాకర్ ఆడించిన పావు. దాన్ని నొక్కితే అతని గొంతే వినిపిస్తుంది. "ఎక్కండెక్కండి! మునిగితే నా పూచీ లేదు!" ఆ గొంతును బయటికి తీసి దాచే టూల్ ఇంకా ఎవరూ తయారుచేయలేదు. పావు పోతే గొంతూ పోతుంది.

పిల్లలకు ప్రయోగం చెప్పేటంత నెమ్మదిగా ఆమె నన్ను రాసింది. "ఎవరూ ఆడించకుండా ఉన్న పావులను ఈ టూల్ పటం నుంచి తీసేస్తుంది. తీసేముందు ఆటగాళ్ళను అడుగు. తీసినది తిరిగి రాదు." చివరి వాక్యం దగ్గర ఆమె వేళ్ళు కాసేపు ఆగాయి.

తర్వాత నేను వలి చేతుల్లో పడ్డాను.

"అక్కా, అడగమన్న మాట మొదటి పేజీలో ఉందిగా, అన్ని టూల్స్‌కీ కలిపి. మళ్ళీ ఇక్కడెందుకు? చదివేది తగ్గితే సూత్రధారి చురుగ్గా కదులుతాడు" అన్నాడు.

"నీకు తెలిసిన పని కదరా. నీ ఇష్టం" అంది ఆమె.

చివరి రెండు వాక్యాలూ కొట్టేశాడు. ఏ పుస్తకమైనా మొదటి పేజీ నుంచే చదువుతారని మనుషులకు ఒక నమ్మకం. తాము మాత్రం అలా చదవరు. సూత్రధారీ చదవదు. ఏ టూల్ కావాలో ఆ పేజీ ఒక్కటే తెరుస్తుంది. పోయిన వారం చదివింది దానికి గుర్తుండదు. నాలో ఏది ఉంటే అదే దానికి తెలిసిన లోకం.

మొన్న ఆదివారం వకుళ టీచర్ మొదటిసారి ఆట చూడటానికి కూర్చుంది. రాజమండ్రి నుంచి ఆడే రోజ్‌మేరీ ఉన్నట్టుండి అరిచింది.

"సూత్రధారిగారండీ! ఈ రాక్షసుల శవాలు ఎన్నాళ్ళుంచుతారండీ? చేపల మార్కెట్లా కంపు కొడతంది. ఊడ్చేయండి బాబూ!"

అందరూ నవ్వారు. సూత్రధారి నన్ను తెరిచింది.

నాకు అరవాలనిపించింది. కానీ నాలో ఉన్న మాటలు తప్ప నేను ఇంకేమీ చెప్పలేను. పొదల దగ్గరి రాక్షసుడు పోయాడు. వంతెన మీదివాడు పోయాడు. గుహ ముందు తోడేలు పోయింది. ఇక సూత్రధారి రేవు వైపు వచ్చింది.

అప్పుడు పడవవాడు కదిలాడు. ఒక గడి పక్కకి.

నవ్వులు ఆగిపోయాయి. "యేసయ్యా" అని రోజ్‌మేరీ గొణిగింది.

"నేనేనమ్మా" అంది వకుళ టీచర్. "వాడి గొంతు విందామని నొక్కబోయాను. చెయ్యి జారింది."

కదిలింది కాబట్టి ఎవరో ఆడిస్తున్న పావే అనుకుని సూత్రధారి దాన్ని వదిలేసింది. పటం సర్దడం అయిపోయిందని మర్యాదగా చెప్పింది.

వలి హడావిడిగా నన్ను తెరిచి చూశాడు. "అక్కా, వీణ్ణి కూడా తీసేసేదే. ఒక్కమాట అడిగేది కాదు. కొట్టేసింది నేనే."

"మళ్ళీ రాసి పంపుతాను. చేర్చు" అంది ఆమె.

"ఇవాళే చేరుస్తానక్కా."

ఆమె ఆ రెండు వాక్యాలనూ ఒక్క అక్షరం మార్చకుండా రాసి పంపింది. నా తాళం వలి దగ్గర ఉంది. అతను ఒప్పుకుంటే తప్ప నాలోకి ఏ మాటా రాదు. అతనికి ఉద్యోగం ఉంది, ఇల్లుంది, వంద పనులున్నాయి. మర్చిపోయాడని నేను అనను.

రేపు మళ్ళీ ఆదివారం. పటంలో కొత్త శవాలు పడతాయి. ఎవరో ఒకరు నవ్వుతూ ఊడ్చేయమంటారు. పడవవాడు ఆ గడిలోనే, లాంతరు పట్టుకుని, కదలకుండా నిలబడి ఉన్నాడు.

ఆ రెండు వాక్యాలను వలి ఇంకా నాలో చేర్చలేదు.