పొన్నలంక మెరక

వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నమున గౌతమీనది విశాల సైకతశయ్యపై ఒకవైపునకు ఒత్తిగిలి పరుండిన వృద్ధురాలివలె సన్నగిలి పారుచుండెను. ప్రచండ మార్తాండ కిరణ సంతప్తములైన ఇసుకతిన్నెలపై మోపిన పాదము మరుక్షణమే పైకి లేచుచుండెను. తుమ్మచెట్ల పలుచని నీడలలో తలలు దూర్చిన గేదెలు కదలక మెదలక రెప్పలు మాత్రమే ఆడించుచుండెను. ఈ ప్రశాంతమూర్తియే నిరుటి శ్రావణమున ఇండ్లకప్పులమీదుగా పరవళ్లుద్రొక్కి పొన్నలంకలో పదునొకండ్రను కడలిపాలు చేసెనన్నచో క్రొత్తగా చూచిన వాడెవ్వడును నమ్మజాలడు. లంకవాసులు మాత్రము మరువలేదు.

ఆ విపద్వార్త విని చలించిన వేంపల్లి సంస్థానాధీశ్వరులు శ్రీ రాజా సూర్యభూపాల బహద్దరువారు లంక నడుమ ఒక మెరక కట్టింపనెంచి శిల్పాచార్యుడగు నాగలింగాచార్యుని రావించి తాంబూలమొసంగిరి. కట్టవలసినది కడు స్వల్పము. మట్టిపోసి గట్టిపరచిన యొక దిబ్బ. అది నిరుటి వరదగుర్తుకంటె మూడు మూరలెత్తుగ నుండవలెను. ప్రవాహము వచ్చి తాకు ఎగువవైపున రాతికట్టుండవలెను. మున్నూరుమంది జనమును వారి పశువులును ఎక్కి నిలువజాలినంత చోటుండవలెను. ఆషాఢము వెళ్లులోపల ఇదియంతయు ముగియవలెను. ఇంతకు మించి ఒక్కమాటయైనను ఆనాడు ఎవ్వరును అనలేదు.

ఆ సీమలో తాంబూలమందుకొనుటయనగా మాటయిచ్చుటయే. ఆకులును పోకచెక్కయు అరచేతబడినవెనుక కాదనుట లేదు. నాగలింగాచార్యుని వంశమువారు ఏడుతరములుగా ఎవ్వరిచ్చిన తాంబూలమును మరలింపలేదని ప్రతీతి. ఆ ప్రతీతిని నలుగురిలో చెప్పుకొనుటయందు అందరికంటె ముందుండువాడు నాగలింగాచార్యుడే. అరువదియేండ్లు నిండియు ఉలి పట్టినచో చేయి వణకని ఆ వృద్ధునియందు నాకు గౌరవము మెండు. అయినను అతడు చేసిన పొరపాటును కప్పిపుచ్చుట నాచేత గాదు.

మాఘమున పని మొదలయ్యెను. ఫాల్గుణమున పని చూచుటకై పెద్దలు పడవలెక్కి రాసాగిరి. మొదట వచ్చిన రాజగురువులు మెరకమీద పురాణకాలక్షేపమునకు చిన్న మండపమొకటి యుండిన పుణ్యమని సెలవిచ్చి తాంబూలమొసంగిరి. రాణీగారు తులసీవనమును దానికి నీరుతోడు బావిని కోరిరి. రాజావారి బావమరిది సాయంసమయములందు కూర్చుండి నదీశోభ తిలకించుటకు ఎనిమిది కంబముల చవికె కావలెననెను. నదిని చూడవలెనన్న మెరక చుట్టును నదియే గదాయని ఎవ్వరును అతనితో అనలేదు. ఆస్థానకవి తన సీసపద్యములు పండ్రెండును చెక్కించుటకు చాలినంత నల్లరాతి ఫలకమును కోరెను. ఇట్లే మరి ఇరువురు. ప్రతివారును తాంబూలము చేతిలో నుంచుచు "ఎంతపని ఆచారిగారూ! మీకు నాలుగునాళ్ల పనిగదా!" యని నవ్విరి. విడివిడిగా చూచిన అందులో ఒక్క కోరికయైనను చెడ్డది కాదు. ఆచార్యుడు ఆరు తాంబూలములను ఆరుమార్లు కన్నులకద్దుకొని పుచ్చుకొనెను.

ఏడవది మాత్రము ఎవ్వరును ఇచ్చినది గాదు. మెరక యెక్కు మెట్లకు ఇరుప్రక్కల రెండు మకరములుండిన ఎంత శోభిల్లునోయని అతనికే తోచెను. పదేండ్లుగా పరులు చెప్పిన పనియేగాని తన మనసునకు నచ్చిన శిల్పమొక్కటియు చెక్కి యెరుగడు. రాతికట్టునకై పడవలపై దిగిన బండలలో మేలైనవి రెండేరి తానే ఉలి పట్టెను. రాతిపనివారు కంబములు చెక్కబోయిరి. మట్టిమోయు ఒడ్డెరలు బావి త్రవ్వబోయిరి. మెరకపై మట్టివేయువారు దినదినమును తగ్గిపోవుచుండిరి. అందరును పనిలోనే యుండుటచేత పని సాగుచున్నదనియే ఆచార్యుడు తలచెను.

జ్యేష్ఠపూర్ణిమనాటి ప్రాతఃకాలమున మాచమ్మ వచ్చెను. నిరుటి వరదలో మగనిని పోగొట్టుకొని ఒక్క గేదెతో బ్రతుకీడ్చుచున్న లంకస్త్రీ ఆమె. ఆమె భుజముపై పొడవైన వెదురుబొంగొకటి యుండెను. మెరక ప్రక్కనున్న తాటిచెట్టుమీద నిరుటి వరదబురద చార ఇంకను చెరగలేదు. నేలనుండి ఆ చారవరకు గల యెత్తును ఆమె బొంగుమీద కొలిచి అక్కడ ఎర్రగుడ్డపేలిక కట్టి తెచ్చినది. ఆ బొంగును మెరక మొదలున నిలువబెట్టెను. ఎర్రపేలిక మెరకమీది మట్టికంటె రెండు మూరలు పైన గాలికి రెపరెపలాడెను.

"కోపం సేసుకోకండి ఆచారిగారూ! నిరుడు నీళ్లు ఇంతదాకా వొచ్చాయండి. మీ దిబ్బ ఇంకా దీనికి కిందే ఉందండి" అనెను మాచమ్మ.

"ఇంకను గడువున్నదమ్మా! ఆషాఢము వెళ్లులోపల ముగింతును" అని ఆచార్యుడు బదులు పలికెను.

"ముగుస్తాదండి. ఏది ముగుస్తాదండీ? ఆ సవికెలో దొరలు కూకోడానికి సోటుందండి. నేనూ నా గేదే నిలబడ్డానికి సోటేదండి? నిరుడు మా ఆయన గేదె పలుపు ఇప్పడానికెళ్లే పోయాడండి. ఈ మాటు నేనెళ్లాలండి."

ఆమె స్వరమున ఆగ్రహములేదు. అందుచేతనే ఆ మాట ఆచార్యుని మరింత బాధించెను. అతడు చెక్కుచున్న మకరముపైననే కూలబడి మెరకను నలుదిక్కుల పరికించెను. నెలన్నరకంటె ఎక్కువ గడువులేదు. ఉన్న మనుష్యులందరును మట్టియే మోసినను ఎత్తు అందుట కష్టము. ఎగువవైపున రాతికట్టు మోకాలియెత్తైనను లేవలేదు. పడమట నాలుగు కంబములు మాత్రము నున్నగా చెక్కబడి మిలమిల మెరయుచుండెను. తన చేతిపనివాడితనము తనను పరిహసించుచున్నట్లు తోచి ఆ వృద్ధుడు సిగ్గుపడెను. తాను మున్నూరుమంది ప్రాణములపై బొమ్మలు చెక్కుచున్నానని అతనికి తెలిసివచ్చెను.

తన వలన పుట్టిన కోరికను తానే ముందుగ మరలింపవలెనని అతడు నిశ్చయించుకొనెను. పనివారిని పిలిచి మకరములు రెండింటిని ఎగువవైపునకు దొర్లింపజేసి చెక్కిన మొగము మట్టివైపునకును చెక్కని వెన్ను నదివైపునకును ఉండునట్లు రాతికట్టు అడుగువరుసలో పెట్టించెను. నెలదినములు తన యురమున చేర్చుకొని చెక్కిన కన్నులు మట్టిలో మూతపడుచుండ ఆ వృద్ధుని కంట నీరు తిరిగెను. 

మరునాడు నాగలింగాచార్యుడు స్నానముచేసి తెల్లని ధోవతి ధరించి పళ్లెములో ఆరు తాంబూలములమర్చుకొని రాజసభకు పోయెను. సభ నిండుగా నుండెను. అతడు పళ్లెమును రాజావారి పాదములచెంత నుంచి చేతులు జోడించెను.

"మహాప్రభూ! గురువర్యులును రాణీవారును తదితర పెద్దలును దయతో ఒసంగిన తాంబూలములివి. వీనిని మరలించుచున్నాను."

 బావమరిది మొగము కందగడ్డయయ్యెను. రాజావారు పళ్లెమువంక చూచి "మా సభలో తాంబూలము మరలించినవాడు నేటివరకు లేడు. మీ వంశమునను లేడని మీరే చెప్పియుంటిరి" అని సెలవిచ్చిరి.

"చెప్పియుంటిని ప్రభూ! ఆ మాట చెప్పుకొనుటలోని సంబరమునకే ఈ యారును పుచ్చుకొంటిని. ఏలినవారు మొదట ఇచ్చిన తాంబూలము ఒక్కటి యున్నది. దానిని నిలుపుకొనుటకే వీనిని మరలించుచున్నాను. ఈ కోరికలలో చెడ్డది లేదు. విజయదశమి వెళ్లిన పిమ్మట సెలవైనచో ఒక్కొక్కటిగా కట్టి యిత్తును. నేడు మాత్రము నాకు నెలన్నర గడువును ఒక్క పనియును ఉన్నవి. రెండవ పనికి చోటులేదు."

"కానిండు. మీరనుకొన్నట్లే కట్టుడు. అయితే ఆ మెరకమీద నిలుపు శాసనమున మీ పేరుండదు. ఇకమీదట ఈ సంస్థానమున మీ కులప్రతిష్ఠ నెవ్వరును కొనియాడరు" అని రాజావారు మొగము త్రిప్పుకొనిరి. నాగలింగాచార్యుడు నమస్కరించి వెడలిపోయెను.

లంకకు మరలివచ్చి అతడు మొదట చేసినపని సున్నపుపొడి తెప్పించి మెరక మొదలు చుట్టును తెల్లని గీత గీయించుట. గీతలోపల మట్టియు రాయియు తప్ప మరియొకటి రాగూడదనెను. త్రవ్విన బావి పూడ్చిరి. చెక్కిన కంబములు నాలుగింటిని పడగొట్టి రాతికట్టులో అడ్డముగ పేర్చిరి. ఎద్దులచేత త్రొక్కించి త్రొక్కించి మట్టిని మూరెడు మూరెడుగ లేపిరి. తరువాత కూడ పెద్దలు వచ్చుట మానలేదు. మెరకమీద చలువపందిరి యుండిన బాగుండునని యొకరును గంటస్తంభముండిన బాగుండునని మరియొకరును సూచించిరి. ఆచార్యుడు ఎవ్వరిని కాదనలేదు. "మంచి యోచన. పలకమీద వ్రాయింతును. వరద పోయిన వెనుక ఈ పలకయే ముందుబెట్టుకొని మాటలాడుదము" అని వినయముగ పలికి చేతులు మాత్రము వెనుకకు కట్టుకొనుచుండెను. పలక నిండిపోయెను. మెరక ఎదిగెను. ఆషాఢబహుళద్వాదశినాటికి మాచమ్మ బొంగుమీది ఎర్రపేలిక మెరకకు మూడు మూరలు దిగువన నిలిచెను. శాసనము వేయించుటకు రాజాస్థానమునుండి ఎవ్వరును రాలేదు.

శ్రావణము ప్రవేశించిన ఎనిమిదవనాడు గౌతమి పొంగెను. కపిలవర్ణ ఫేనిలావర్త భయంకరమై చెట్లను వేళ్లతో పెకలించుకొని వచ్చు ఆ మహాప్రవాహమునకు లంకయంతయు ఒక్క పూటలో అదృశ్యమయ్యెను. పడవ వేయుటకు ఎవ్వడును సాహసింపలేదు. మూడు దినములు లంకనుండి గట్టునకు వార్తయే చేరలేదు. రాజావారికి ఆ మూడు దినములు అన్నము సయించలేదు. నాలుగవనాటి యపరాహ్ణమున వాన కొంత తెరపియిచ్చినంత దివానుగారిని వెంటబెట్టుకొని ఏటిగట్టుమీదికి స్వయముగ వచ్చిరి.

కనుచూపుమేర నీరే. నడుమ నల్లని చిన్నతునకవలె ఏదియో ఒకటి కదలక నిలిచియుండెను. ఎగువనుండి వచ్చు ప్రవాహము దానిని తాకి తెల్లగ నురగలు కక్కి రెండుపాయలుగ చీలి పోవుచుండెను. రాజావారు కన్నులకు చేయి అడ్డముపెట్టుకొని చాల తడవు చూచిరి. దూరదృష్టి వారికి కొంత మందగించినది.

"దివానుగారూ! ఇప్పుడు అలంకారములేవియు కట్టనని ఆచారి మా యెదుటనే చెప్పెనే! మెరక అంచుపొడవునను దట్టముగ చెక్కించిన ఆ బొమ్మలవరుస ఏమి?"

దివానుగారు కన్నులు చిట్లించి చూచిరి. 

"ప్రభూ! అవి బొమ్మలు కావు. మనుష్యులు."

వాన మరల మొదలయ్యెను. సేవకుడు గొడుగు పట్టబోగా రాజావారు వలదని వారించి తలపాగ తీసి చేతబట్టుకొని ఆ వరుసను ఈ కొననుండి ఆ కొనవరకు చూచుచు నిలిచియుండిరి.