కనిపించని చేపలు

పిల్లల మ్యూజియంలో గోడంత తెర, అందులో బొమ్మల చెరువు. వేలు పెడితే చేపలు చటుక్కున చెదిరిపోవాలి. అవేమో బంకలో ఈదుతున్నట్టు ఆగి ఆగి కదులుతున్నాయి. ప్రోగ్రాం రాసిన తమ్ముడి గుండె కూడా వాటితోపాటే ఆగి ఆగి కొట్టుకుంటోంది. పదకొండింటికి డైరెక్టరమ్మ వస్తుంది. అప్పటికీ ఇలాగే ఉంటే చెరువు తీసేసి మామూలు వీడియో పెట్టిస్తానని ముందే చెప్పింది. టైము తొమ్మిదిన్నర.

“కంప్యూటరు ఈ చెరువుని సెకనుకి అరవై సార్లు గీయాలక్కా. పద్నాలుగే గీస్తోంది.”

చేపలన్నీ అక్క గీసినవే. ఆమె నిచ్చెన మెట్టు మీద కూర్చుని బిస్కెట్ నములుతోంది. “పాపం, దానికి చెయ్యి నొప్పేమో.”

“నీ పొలుసుల వల్లే. ఒక్కో చేపకి అన్నెందుకు?”

“చేపకి పొలుసులు కాక ఈకలుంటాయా? నా నెత్తిన రుద్దకు.”

రుద్దుతున్నానని అతనికీ తెలుసు. భయం వేసినప్పుడల్లా అతనికి ముందు కోపమే వస్తుంది. కోపం పక్కకి తప్పుకుంటే గానీ వెనకాల ఎవరున్నారో కనిపించదు. పొలుసులు తగ్గించాడు. పదహారు. నీడలు తీసేశాడు. పద్దెనిమిది.

“ఇరవై నాలుగు చేపలకే ఇంత ఆయాసమా?” అంది అక్క. “నేను రెండొందలకి పైగా గీసిచ్చాను కదరా!”

“మిగతావి నువ్వే వద్దన్నావుగా. తీసేశా.”

“నువ్వా? మూడో క్లాసు పెన్సిల్ ముక్కలు ఇంకా దాచుకున్నవాడివి, నువ్వు తీసేశావా?”

అతనికి అప్పుడు గుర్తొచ్చింది. నిజమే, తీయలేదు. అక్క పారేయమన్న ప్రతి చేపనీ చెరువులోనే ఉంచి, రంగు మాత్రం పూర్తిగా పలచన చేసేశాడు. మనిషి కంటికి అవి లేవు. కంప్యూటరుకి మాత్రం అన్నీ ఉన్నాయి. ఒక్కటీ వదలకుండా, ఎవరికీ కనబడని ఆ రెండొందల చేపల్నీ అది మళ్ళీ మళ్ళీ శ్రద్ధగా గీస్తూనే ఉంది.

“దొరికింది!” అని కుర్చీలోంచి లేచాడు. అక్కకి సంగతి చెప్పాడు.

ఆమె నవ్వలేదు. “పారేయమన్నవి ఎందుకు దాచావురా?”

ఆ రోజులు గుర్తొచ్చాయి. గీసిన ప్రతిదానికీ ఆమె ఒకటే మాట: బాగా రాలేదు, పారెయ్.

“తీసేస్తే నీ మాట ఒప్పుకున్నట్టవుతుందనిపించింది,” అన్నాడు, తెర వైపే చూస్తూ.

అక్క బిస్కెట్ పక్కన పెట్టింది. “జన్మకో మంచి మాట అంటావు. అదీ కొంప మునిగేటప్పుడు.”

ఆ కనబడని చేపల బొమ్మల్ని వేరేచోట భద్రం చేసి, చెరువులోంచి ఒక్క దెబ్బతో తీయబోయాడు.

“ఆగు! ఆ మూతి ముడుచుకున్న దాన్ని ఉంచు.”

“వికారంగా ఉందన్నావు?”

“ఆ రోజు నేనే వికారంగా ఉన్నా.”

దాని రంగు తిరిగి నింపి, మిగతావి తీసేశాడు. అరవై. పొలుసులూ నీడలూ మళ్ళీ పెట్టాడు. అయినా అరవై. చేపలు నీళ్ళలా జారిపోయాయి.

పదకొండింటికి డైరెక్టరమ్మ వచ్చి వేలు పెట్టింది. చేపలన్నీ చెదిరిపోయాయి. ఆ మూతి ముడుచుకున్నది మాత్రం పారిపోతూ వెనక్కి తిరిగి ఆమెని చూసింది.

“ఇదేంటి, నా మీద అలిగింది?” అని ఆమె పకపకా నవ్వింది. “ఇలాంటివి ఇంకా ఉన్నాయా?”

“రెండొందలున్నాయండి,” అనేసి తమ్ముడు నాలుక కరుచుకున్నాడు. “కానీ అన్నీ ఒకేసారి అడక్కండి.”