బుగ్గ ఆరినంత మాత్రాన

రాధిక గొంతు పెద్దదని ఆమెను ఎరిగినవాళ్లంతా ఒప్పుకుంటారు. సిరిసిల్లలో మరమగ్గాల మోత మధ్య పుట్టి, ఆకలైతే అరిచి అన్నం అడిగి పెరిగిన పిల్ల. నెమ్మదిగా మాట్లాడాలని ఆమెకు ఎవరూ నేర్పలేదు, నేర్పినా ఆ మోతలో వినపడి ఉండదు. అంబులెన్సులో టెక్నీషియన్‌గా కోరుట్ల వచ్చి నాలుగేళ్లయింది, గొంతు మాత్రం తగ్గలేదు. బండి నడిపే వీరేందర్‌ను అందరూ పైలట్ అంటారు. "మేడం, మన బండికి సైరన్ దండుగ" అని అతను రోజూ ఏడిపిస్తుంటాడు.

ఆ రోజు పొద్దున పదిన్నరకు ఫోనొచ్చింది. జగిత్యాల దారిలో పన్నెండు కిలోమీటర్ల అవతల ఒక పల్లె. బోరు దగ్గర కరెంటు షాకు. రాజం అనే రైతు, యాభై దాటిన మనిషి. కదలడం లేదు, మాట లేదు, కడుపు మాత్రం ఆడుతున్నట్టుందట.

పొలాల మధ్య మట్టి బాట ఆగిపోయిన చోటే బండీ ఆగింది. గట్టు మీద ఇరవై మంది దాకా ఉన్నారు. ఎదురుగా నాట్లేసిన మడి, చీలమండ లోతు నీళ్లు. మడికి అవతల బోరు, దాని పక్కన గుంజకు కట్టిన స్టార్టర్ డబ్బా, ఆ డబ్బా కింద బురదలో రాజం. బోర్లా పడి, మొహం ఒక పక్కకు తిరిగి, నోరు సగం బురదలో ఉంది. స్తంభం నుంచి డబ్బాకు రావాల్సిన వైరు ఊడి, దాని కొస మడి నీళ్లలో పడి ఉంది. చూసి ఫోన్ చేసినవాళ్లు భయంతో గట్టు దిగలేదు, అందుకు వాళ్లకు పుణ్యముంటుంది.

రాజం తమ్ముడు సురేందర్ అప్పుడే మోటారుసైకిల్ దిగాడు. పదకొండేళ్లు దుబాయిలో వైరింగ్ పని చేసి వచ్చినవాడు. మోటరు కాలినా, స్టార్టరు పట్టుకున్నా ఊరికంతటికీ అతనే దిక్కు. అతను ఒకసారి డబ్బా వైపు చూసి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచాడు.

"కరెంటు లేదుర బై! బుగ్గ ఆరింది, చూస్తలేరా?" అని మడిలోకి ఒక కాలు ఎత్తాడు.

"ఆగు!"

ఆ గొంతుకు గట్టు మీది కొంగలు లేచిపోయాయి. సురేందర్ ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగాడు.

బుగ్గ అంటే బల్బు, దాని సంగతి చెప్పాలి. ఆ చుట్టుపక్కల ప్రతి స్టార్టర్ డబ్బా పైనా ఒక బల్బు వేలాడుతుంటుంది. రైతు ఇంటి ముందు పళ్లు తోముకుంటూనే దాన్ని చూసుకుంటాడు. వెలిగితే కరెంటు ఉన్నట్టు, ఆరితే లేనట్టు. లైన్‌మన్ మాటైనా నమ్మరుగానీ బుగ్గ మాట నమ్ముతారు. తాతలనాటి ఆచారం కాదది, మోటర్లొచ్చాక పుట్టిన ఆచారం. అయినా దాన్ని కాదనేవాడు ఆ ఊళ్లో ఇంకా పుట్టలేదు.

"అన్నా, ఆ బుగ్గ ఎన్ని ఫేజుల మీదుంది?" అడిగింది రాధిక.

"ఒక్కటి."

"మోటరుకు ఎన్నొస్తయ్?"

"మూడు. అయితేంది మేడం? ఆడ మా అన్న సస్తుండు!"

"ఒకటి పోతే కడమ రెండిటి మీద మోటరు నడుపుతరు గదా మీరు? నువ్వే కట్టిస్తవు గావచ్చు. అప్పుడు బుగ్గ ఎలుగుతదా?"

బుగ్గ ఉన్న ఫేజు ఒక్కటి పోయినా బుగ్గ ఆరుతుందనీ, మిగతా రెండు తీగల్లో కరెంటు ఉంటుందనీ సురేందర్‌కు తెలుసు. ఎన్నోసార్లు తన చేత్తో చేసిన పనే. అన్న కింద పడి ఉంటే చదువూ పనితనమూ ఎవరికి గుర్తుంటాయి? కాలు వెనక్కి తీసుకున్నాడు.

"మూడు పోయినయ్ గావచ్చు," అన్నాడు, గొంతు తగ్గించి.

"గావచ్చు అంటే నేను నీళ్లల్ల కాలు పెట్ట, నిన్ను పెట్టనియ్య. వీరేందర్, సబ్‌స్టేషన్‌కు ఫోన్ కొట్టు, లైన్ బంద్ జెయ్యమను. అన్నా, నువ్వు బండి దియ్యి. లైన్ బందైందని మేం చెప్పినంకనే ట్రాన్స్‌ఫార్మర్ కాడ స్విచ్ దించు. మూడు ఫీజులు గుంజి చేతిల వట్టుకొని నాకు ఫోన్ జెయ్యి."

ట్రాన్స్‌ఫార్మర్ కిలోమీటరున్నర దూరం. సురేందర్ బండి దుమ్ము లేపుకుంటూ పోయింది.

సరిగ్గా అప్పుడే మొగిలవ్వ వచ్చింది. రాజం భార్య. ఊరి నుంచి చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చింది, కొంగు ఎక్కడ జారిందో ఆమెకే తెలీదు. మనుషుల్ని తోసుకుంటూ నేరుగా మడి మీదికి పోబోతుంటే రాధిక నడుం పట్టుకుంది. ఇద్దరూ గట్టు మీద పడ్డారు.

"ఇడువు నన్ను! నా మనిషి గాడ వడున్నడు!"

"అవ్వా, నీళ్లల్ల కరెంటుంది."

"ఉంటే ఉండనియ్యి! నేనూ సస్త! ఇడువే పిల్లా, నీ చేతులిరిగిపోను!"

రాధిక విడవలేదు. మొగిలవ్వ గోళ్లు ముంజేతిని గీరాయి, మోచెయ్యి పక్కటెముకల్లో దిగింది. రాధిక రెండు చేతులూ ఆమె నడుం చుట్టూ బిగించి అలాగే పట్టుకుంది. మడి అవతలి నుంచి ఒక చప్పుడు వస్తోంది. రాజం ఊపిరి లాగినప్పుడల్లా గొంతులో బురద గురగురమంటోంది. ఆ చప్పుడు ఉన్నంతసేపు మనిషి ఉన్నట్టు. కానీ ఒక గురకకూ ఇంకో గురకకూ మధ్య ఎడం పెరుగుతోంది. అది రాధికకు ఒక్కదానికే తెలుసు, ఆమెకది నరకంలా ఉంది.

గట్టు మీద గొణుగుడు మొదలైంది. "జీతం దీసుకునేటోళ్లకు మన పానమెంత?" అన్నారెవరో. "ఆలస్యం అమృతం విషం" అన్నాడొక ముసలాయన. నిదానమే ప్రధానమని చెప్పిందీ ఆ పెద్దలే. మన సామెతలు అవతలి పక్షానికి కూడా వకాల్తా పుచ్చుకుంటాయి, వాటిని నమ్ముకుని గట్టు దిగితే అంతే.

రాధికకు దిగాలని లేదా? ఉంది. నలభై అడుగులు, పది సెకన్లు. బల్బు ఆరే ఉంది కదా, వైరు కదలడం లేదు కదా అని లోపలొకటి పోరుతూనే ఉంది. పోరనీ అనుకుంది. తను పడితే ఈ మొగిలవ్వ దిగుతుంది, ఆమె పడితే ఇంకొకరు. అప్పుడు ఈ బండిలో ఎవరిని ఎక్కించాలి? ఇద్దరు ఆడవాళ్లను పిలిచి మొగిలవ్వను వాళ్ల చేతుల్లో పెట్టింది.

"ఆమె పోతే మీదే జిమ్మ" అని ఒక కేక వేసి, బండి దగ్గరికి ఉరికింది. నోట్లోంచి తేమ లాగే సక్షన్ మిషన్, ఊపిరి అందించే అంబు సంచి, మాస్కు, ఆక్సిజన్ సిలిండరు, వీపు కింద పెట్టే పలక, మెడ పట్టీ. అన్నీ గట్టు అంచుకు తెచ్చి, మాస్కును సంచికి బిగించి, మిషన్ ఒకసారి నడిపి చూసింది. ఫోన్ మోగిన తర్వాత ఒక్క సెకను కూడా వెతుక్కోవడానికి పోకూడదని ఆమె పట్టుదల.

లైన్ బంద్ చేశారని సబ్‌స్టేషన్ నుంచి జవాబు వచ్చింది. ఆ మాట సురేందర్‌కు చేరవేశారు. ఇంకో నిమిషం గడిచింది. రాధిక ఫోన్ మోగింది, స్పీకర్ పెట్టింది.

"మేడం," అన్నాడు సురేందర్. "ఫీజులు గుంజిన. ఒక్కటే పోయింది. కడమ రెండు మంచిగనే ఉన్నయ్. గిప్పటిదాక నీళ్లల్ల కరెంటున్నట్టే."

మొగిలవ్వ తన్నుకోవడం ఆపి మడి నీళ్ల వైపు చూసింది. రాధిక అప్పటికే ఆ నీళ్లలో ఉంది.

ముందు వీరేందర్ కర్రతో వైరును పక్కకు జరిపాడు. తర్వాత అతను రాజం తలను రెండు చేతుల మధ్య కదలకుండా పట్టుకున్నాడు. పడ్డప్పుడు మెడ విరిగిందో లేదో ఎవరికి తెలుసు? తలా, వీపూ ఒక్క దుంగలా కలిసి కదిలేట్టు ముగ్గురు పట్టి పలక మీదికి వెల్లకిలా తిప్పారు. ఎవరో చెంబుతో నీళ్లు తెచ్చి "నోట్లె రెండు చుక్కలు పొయ్యిన్రి" అన్నారు.

"పోస్తే ఆ రెండు చుక్కలే పానం దీస్తయ్, అవతలికి పో!" అంది రాధిక.

కళ్లకు కనబడిన బురద ముద్దను వేలితో తీసేసింది, కనబడని దానికి మిషన్ గొట్టం పెట్టింది. గోధుమరంగు నీళ్లు గొట్టంలో పారాయి. తల వెనక్కి వంచితే ఊపిరి దారి తొందరగా తెరుచుకుంటుంది, కానీ మెడ మీద అనుమానమున్నప్పుడు వంచకూడదు. చెవుల కింద దవడ మూలల్ని రెండు చేతులా పట్టి ముందుకు నెట్టింది. గొంతుకు అడ్డంపడిన నాలుక లేచింది, గురక ఆగింది. నాలుక మళ్లీ పడకుండా వంపు తిరిగిన చిన్న ప్లాస్టిక్ గొట్టం నోట్లో అమర్చింది. మెడ దగ్గర నాడి సన్నగా కొట్టుకుంటోంది. ఊపిరి నిమిషానికి నాలుగైదు సార్లు, అదీ పైపైన. వేలికి పెట్టిన క్లిప్పు రక్తంలో ఆక్సిజన్ అరవై ఎనిమిదని చూపించింది, తొంభై దాటాల్సిన అంకె. కుడి అరచేయి మాడిపోయింది, ఎడమ మడమ దగ్గర ఇంకో కాలిన గుర్తు. కరెంటు ఒక దగ్గర దూరి ఇంకో దగ్గర బయటికొచ్చింది.

"కోరుట్లనా, జగిత్యాలనా?" అడిగాడు వీరేందర్, స్ట్రెచర్ ఎక్కిస్తూ.

"జగిత్యాల. ఊపిరి మిషన్ గావాలె."

మొగిలవ్వ కూడా ఎక్కింది. బండి కదిలింది.

తీరా చూస్తే అసలు చిక్కు అక్కడ మొదలైంది. రాజానికి దవడ పళ్లు లేవు, బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. రాధిక ఒక చేత్తో మాస్కు అదిమి, ఇంకో చేత్తో సంచి ఒత్తుతుంటే గాలంతా బుగ్గల పక్కనుంచి బుస్సుమని బయటికే పోతోంది. ఛాతీ లేవడం లేదు. అంకె అరవై ఆరుకు దిగింది. మాస్కు గట్టిగా కూర్చోవాలంటే రెండు చేతులూ దానికే కావాలి. మరి సంచి ఎవరు ఒత్తాలి? వీరేందర్ స్టీరింగ్ దగ్గరున్నాడు.

మొగిలవ్వ భర్త కాళ్ల దగ్గర ముడుచుకుని కూర్చుంది, రాధిక మొహం చూడటం లేదు.

"అవ్వా, ఇటు రా. ఈ సంచి వట్టు."

మొగిలవ్వ చేతులు వెనక్కి లాక్కుంది. "ముట్టుకోవద్దంటివి గదా."

"అప్పుడు వద్దన్న. ఇప్పుడు ముట్టుకో."

మొగిలవ్వ దగ్గరికి జరిగింది. సంచికి చేతులు చాపింది. ఆ వేళ్ల కొసలు నల్లబడి ఉండటం రాధిక చూసింది.

"బీడీలు చేస్తవా?"

"పదేండ్లప్పటి సంది."

"అయితే నీకు నేర్పుడేమి లేదు. ఆకు చినగకుంట ఎట్ల ఒత్తుతవో గట్ల ఒత్తు. గట్టిగ గాదు. ఆయన రొమ్ము లేచేదాక ఒత్తి ఇడువు. ఐదు లెక్కవెట్టు. మల్ల ఒత్తు."

రాధిక రెండు చేతులతో మాస్కును మొహానికి బిగించి దవడ పైకి లాగి పట్టింది. మొగిలవ్వ ఒత్తింది. రాజం ఛాతీ లేచింది. ఆమె విడిచింది. "ఒకటి, రెండు..." పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది. మళ్లీ ఒత్తింది. పదోసారికి చేతులు కుదురుకున్నాయి. గంపెడు ఆకు ముందేసుకుని కూర్చున్న మనిషిలా అయిపోయింది, లోకం పట్టలేదు. డెబ్బై నాలుగు. ఎనభై ఒకటి. ఎనభై తొమ్మిది. రాధిక చేతులు తిమ్మిరెక్కాయి, గీరుకుపోయిన చోట చెమట మండింది, మాస్కు మాత్రం కదలనివ్వలేదు. బండి గుంతలో పడినప్పుడల్లా వీరేందర్‌ను గట్టిగా తిట్టింది.

తొంభై రెండు దగ్గర మొగిలవ్వ ఉన్నట్టుండి ఆగింది.

"బిడ్డా, సంచి పోతలేదు. ఎదురు తంతాంది."

కక్కాడేమో, ఊపిరి దారి మూసుకుపోయిందేమో. రాధిక మాస్కు ఎత్తి, మిషన్ గొట్టం అందుకుని నోట్లోకి చూసింది. కక్కు లేదు, బురద లేదు. అప్పుడే రాజం గొంతు ఎగిరింది. ఒక దగ్గు, దాని వెంట ఇంకోటి. లోపలున్న ప్లాస్టిక్ గొట్టాన్ని నాలుకతో తోసేస్తున్నాడు. రాధిక దాన్ని లాగేసి, తేమ తుడిచి, ఛాతీ మీద చెయ్యి వేసింది.

"చూడు బిడ్డా," మొగిలవ్వ గుసగుసగా అంది. "నేను ఒత్తకముందే లేత్తాంది."

ఎవరూ ఒత్తకుండానే ఛాతీ లేచింది, దిగింది, మళ్లీ లేచింది. రాధికకు కళ్లనిండా నీళ్లొచ్చాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఆక్సిజన్ మాస్కు మార్చి బిగించింది.

"ఇగ ఆపు అవ్వా. ఆయనే తీసుకుంటుండు."

మొగిలవ్వ ఆపిందిగానీ సంచిని వదల్లేదు. "మల్ల ఆగితే?"

"ఆగితే నువ్వున్నవ్ గదా."

మొగిలవ్వ తల ఊపింది. సంచిని ఒళ్లో పెట్టుకుని, వేళ్లు దాని చుట్టూ సిద్ధంగా ఉంచి, భర్త ఛాతీ మీది నుంచి చూపు తిప్పకుండా కూర్చుంది. జగిత్యాల ఇంకా ఆరు కిలోమీటర్లుంది.