బఠానీ గింజంత

అక్క ఫోన్ చేసి, "నీ కంప్యూటర్ మళ్ళీ ఆగిపోయింది" అంది.

బాగా నడిచినన్నాళ్ళూ అది ఆమె నోట "నా కంప్యూటర్". మొరాయించినప్పుడు మాత్రం "నీ కంప్యూటర్" అయి కూర్చుంటుంది. ఆ ఒక్క అక్షరం మారేసరికి ఫ్యూజుకి సంగతి అర్థమైపోయింది. షాపు షట్టరు సగానికి దించి, పక్క షాపాయనకి ఒక కేక వేసి, పనిముట్ల సంచి భుజాన తగిలించుకుని బయల్దేరాడు.

ఫ్యూజు అతని అసలు పేరు కాదు. చిన్నప్పుడు ఓసారి ప్లగ్గు కన్నాల్లో అక్క తలపిన్ను దూర్చి, ఇల్లంతా చీకటి చేసి, ఏమీ ఎరగనట్టు మంచం కింద దాక్కున్నాడు. ఆనాడు అంటుకున్న పేరు మరి వదల్లేదు. ఇప్పుడతను కంప్యూటర్లు బాగుచేసే మనిషి. చుట్టుపక్కల వీధుల్లో చేయి తిరిగినవాడని పేరుంది. అయితేనేం, బంధువుల ఇళ్ళలో మిక్సీ ఆగినా సరే, అందరి చూపులూ ముందు అతని మీదకే మళ్ళుతాయి. పేరు చేసే అన్యాయం అది.

అక్క మాత్రం ఎప్పుడూ అలా చూడలేదు. అమ్మ పోయాక అతనికి తల దువ్వి బడికి పంపింది ఆమే. అడక్కుండా వెళ్ళి ఫ్రిజ్ తలుపు తెరవగలిగిన ఇల్లు లోకంలో అతనికి అదొక్కటే. ఇంకా కట్టని భవనాలని కంప్యూటర్లో కట్టి, గది గదికీ తిప్పి చూపించే వీడియోలు చేయడం ఆమె ఉద్యోగం. ఆఫీసువాళ్ళు తమ మిషన్ ఇస్తామంటే, "అక్కర్లేదండీ, మా తమ్ముడు చేసిచ్చాడు" అని అందరి ముందూ గొప్పగా చెప్పింది. ఆ మాట తెలిసిన రోజున ఫ్యూజు ఆనందం పట్టలేక, ఒక కస్టమరు కీబోర్డుని ఊరికే బాగుచేసి పంపించేశాడు.

తలుపు తీస్తూనే అక్క మొదలెట్టింది. "సాయంత్రం ఐదింటికల్లా వీడియో పంపాలి. పొద్దుట్నుంచి సగం దాకా రావడం, ఫట్‌మని ఆగిపోవడం. మేనేజరు ఏమన్నాడో తెలుసా? రేపట్నుంచి ఆఫీసుకొచ్చి మా మిషన్ మీద చేసుకోమ్మా, ఇంటి తయారీ వాటిని నమ్ముకుంటే ఇంతే అన్నాడు."

"చూస్తానక్కా, కంగారుపడకు."

"నాకేం కంగారు లేదు. మా తమ్ముడు చేసినదాంట్లో లోపం ఉండదని గొంతు చించుకున్నాను. ఇప్పుడు నువ్వు చెప్పు. లోపం ఉందా, లేదా?"

ఫ్యూజు నవ్వబోయాడు గానీ ఆమె ముఖం చూసి మానేశాడు. తిట్టినా పడేవాడే. ఆమె అడిగిన తీరులో తిట్టు లేదు. లేదని చెప్పమని బతిమాలుకోవడం ఉంది. అందుకే భయం వేసింది.

వంటగది గుమ్మంలోంచి బావ తొంగిచూసి, "వచ్చావా? టీ పెడతానోయ్" అని అంతలోనే మాయమయ్యాడు. బావ ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు. దీర్ఘానికి కొమ్ముకి తేడా వస్తే సహించేవాడు కాదు, హోటల్లో మెనూ కార్డు ఇచ్చినా జేబులోంచి ఎర్ర పెన్ను తీసేవాడు. ప్రెస్సు మూతపడ్డాక ఆయన ఇంటిపట్టునే ఉంటున్నాడు. పెన్ను జేబులోనే ఉంది గానీ గొంతు మాత్రం తగ్గిపోయింది. తన ఇంట్లోనే చెప్పుల చప్పుడు కాకుండా నడవడం నేర్చుకున్నాడు. అక్క ఏనాడూ ఒక్క మాట అనలేదు. అనకపోవడం వల్లనే ఆయన ఇంకా కుంచించుకుపోయాడేమో.

ఫ్యూజు కంప్యూటర్ పక్క పలక విప్పాడు. లోపల దుమ్ము పేరుకుపోయి ఉంటుందని, ఆ దుమ్ము మీద నేరం తోసేసి చేతులు దులుపుకోవచ్చని దారి పొడుగునా ఆశపడుతూ వచ్చాడు. తీరా చూస్తే లోపల అద్దంలా ఉంది.

"ఎవరు తుడిచారు?"

"మీ బావే. ఊసుపోక రోజుకొకటి దులుపుతుంటారు."

మిషన్ ఆన్ చేసి, కంప్యూటర్‌కి మెదడులాంటి ప్రాసెసర్ వేడిని చూపించే అంకెని తెర మూలన పెట్టుకున్నాడు. ఏ పనీ చెప్పకముందే డెబ్బై డిగ్రీలు. అక్క వీడియో మొదలుపెట్టగానే అది ఎనభై, తొంభై దాటి వంద వైపు పరుగెత్తింది. ఫ్యాను గింగిరాలు తిరుగుతూ అరుస్తోంది. ప్రాసెసర్ వేడిని పైకి లాగి బయటికి ఊదేయాల్సిన కూలర్ రేకుల మీద వేలు పెట్టాడు. చల్లగా ఉన్నాయి.

మరోసారి వేలు పెట్టాడు. చల్లగానే ఉన్నాయి. పొయ్యి మీద గిన్నె మాడిపోతుంటే మూత మాత్రం చన్నీళ్ళు పట్టినట్టుంది. ఫ్యాను మంచిదే, కూలరూ మంచిదే, కానీ కింది వేడి పైకి చేరడం లేదు. అంటే తప్పు ప్రాసెసరూ కూలరూ కలిసేచోటే ఉంది. కూలర్‌ని అక్కడ కూర్చోబెట్టింది తనే.

 స్క్రూలు వదులయ్యాయేమోనని తిప్పిచూశాడు. బిగువుగానే ఉన్నాయి. కూలర్‌ని అరచేత్తో నొక్కిపట్టి అంకె చూశాడు. అది దిగలేదు. చేసిచ్చిన రోజున ఏం మర్చిపోయానని బుర్ర బద్దలుకొట్టుకున్నాడు. ఆ రోజు అక్క పక్కనే కూర్చుని కబుర్లు చెబుతుంటే ఆ నవ్వుల్లో పడి ఏదో సగంలో వదిలేశానా? అవునేమో. తన పేరే ఫ్యూజు కదా అనుకున్నాడు, తప్పు తనదేనని ఆ క్షణాన నిజంగానే నమ్మాడు.

"విప్పాలి అక్కా" అన్నాడు.

అంతలో ఆమె ఫోన్ మోగింది. మేనేజరే. "ఇదుగోండి, చూస్తున్నాడు, ఇంకాసేపట్లో..." అంటూ ఆమె బాల్కనీలోకి వెళ్ళి అద్దాల తలుపు మూసుకుంది.

ఫ్యూజు మిషన్ ఆపి, తీగ పీకి, స్క్రూలు ఒక్కొక్కటే వదులు చేశాడు. కూలర్‌ని అమాంతం లాగితే ప్రాసెసర్ కూడా దానికి అతుక్కుని ఊడొస్తుంది, అడుగున ఉన్న సన్నని పిన్నులు వంగిపోతాయి, అక్కడితో దాని కథ ముగుస్తుంది. అందుకని మెల్లగా అటూ ఇటూ తిప్పాడు. కదల్లేదు. ఊపిరి బిగబట్టి ఇంకాస్త తిప్పాడు. సున్నం పెచ్చు విరిగినట్టు చిన్న చప్పుడైంది. కూలర్ చేతిలోకి వచ్చింది.

దాంతోపాటు వాసన వచ్చింది. ఫ్యూజు మూతి ముడిచి మళ్ళీ పీల్చాడు. కాలిన వాసన కాదు, నూనె వాసన కాదు. పొద్దున్నే వాష్‌బేసిన్ దగ్గర వచ్చే వాసన. పుదీనా, లవంగం.

ప్రాసెసర్ నెత్తిన తెల్లగా, బీటలు వారి, గట్టిపడిపోయి ఉంది పళ్ళు తోముకునే పేస్టు.

నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలో ఉండగానే ఒక ఫోన్ సంభాషణ గుర్తొచ్చింది. కిందటి నెల, షాపు నిండా జనం ఉన్న వేళ.

"ఏమోయ్ ఫ్యూజూ, కూలర్ తీసి దులిపి మళ్ళీ పెట్టాలంటే ఏం చేస్తారు? మీ అక్క లేనప్పుడు చేసి చూపిద్దామని."

"పాత పేస్టు తుడిచేసి కొత్తది పెట్టాలి బావా. బఠానీ గింజంత చాలు."

"ఏ పేస్టు?"

"ఏదైనా ఒకటే. ఇంట్లో ఉందిగా, అది పెట్టెయ్యండి."

కూలర్ డబ్బాలో తను వదిలివెళ్ళిన చిన్న ట్యూబు అతని మనసులో ఉంది. ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య కంటికి కనబడని సందుల్ని పూడ్చి వేడిని పైకి దాటించే మందు అది. ఆ పనివాళ్ళు దాన్నీ పేస్టే అంటారు. ఇంకే పేస్టూ లోకంలో లేనట్టే అంటారు. బావ ఆ పనివాడు కాదు. రాసింది రాసినట్టు చదవడం ఆయన వృత్తి. ఇంట్లో ఉన్న పేస్టు అంటే ఆయనకి ఇంట్లో ఉన్న పేస్టే. అందులోనూ సందేహం వచ్చి అడిగాడు పాపం. అడిగినవాడికి తను చెప్పిన జవాబు అదీ.

తడి ఉన్నన్నాళ్ళు అది పని చేసే ఉంటుంది. అంకె తగ్గడం చూసి బావ లోలోపల మురిసిపోయి ఉంటాడు కూడా. తర్వాత ఎండింది.

వెనక కప్పులు గలగలమన్నాయి. టీ పళ్ళెంతో బావ నిలబడి ఉన్నాడు. ఆయన చూపు తెల్లటి పెచ్చు మీద పడింది, అక్కణ్నుంచి ఫ్యూజు ముఖం మీదకి వచ్చింది. వాసన ఆయనకీ అందింది. తను పెట్టాల్సింది ఈ పేస్టు కాదని ఆయనకి ఆ క్షణంలోనే అర్థమైనట్టు ఫ్యూజుకి తెలిసిపోయింది.  

బాల్కనీ తలుపు చప్పుడైంది. ఫ్యూజు గబగబా స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో పెచ్చంతా తుడిచేశాడు.  చేతులు ముందే నిర్ణయించేసుకున్నాయి.

"తెలిసిందా?" అంది అక్క.

"తెలిసింది. పేస్టు ఎండిపోయింది. దానివల్లే వేడి పైకి రావట్లేదు."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

"అంత త్వరగా ఎండిపోతుందా?"

"మంచిదైతే పోదు."

"మరి అది పెట్టిందెవరు?"

ఫ్యూజు వెంటనే జవాబు చెప్పలేదు. ఆ ఖాళీ బావ కోసం వదిలాడు. ఒక్క మాట చాలు. నేనేనోయ్ అంటే అందరూ నవ్వుకుంటారు, అక్క నెత్తి కొట్టుకుంటుంది, నాలుగు రోజులు అదే కబురవుతుంది. బావ పళ్ళాన్ని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. టీలో ఏదో పడినట్టు కప్పులోకి వంగి చూశాడు. ఫ్యూజుకి ఒళ్ళు మండింది. మరుక్షణం ఆ వంగిన మెడ చూసి ఆ మంట కాస్తా చల్లారిపోయింది.

"నేనే అక్కా."

ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది. కుర్చీలో కూర్చుని, "అయితే మేనేజరు అన్నది నిజమేనన్నమాట" అంది మెల్లగా.

తర్వాత పని చకచకా అయిపోయింది. మచ్చలు పడ్డ రాగి అడుగుని రుద్ది, సంచిలోంచి అసలు పేస్టు తీసి బఠానీ గింజంత పెట్టి, కూలర్‌ని కూర్చోబెట్టి, స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాడు. మిషన్ లేచింది. అంకె నలభై దగ్గర నిలబడింది. వీడియో నడుస్తున్నా అరవై దాటలేదు. రేకులు ఇప్పుడు వెచ్చగా ఉన్నాయి. గడువుకి ముందే వీడియో వెళ్ళిపోయింది. మామూలు రోజైతే అక్క వీపు మీద ఒక్కటి చరిచి, ఫ్రిజ్‌లో ఏముందో చూసుకోమనేది.

"ఇంకో పని ఉంది. మీ షాపులోంచే నా కంప్యూటర్లోకి వచ్చి చూస్తుంటావుగా, దాన్ని తీసెయ్" అంది.

"అదెందుకక్కా?"

"రేపట్నుంచి ఆఫీసు వాళ్ళ మిషన్ తెప్పించుకుంటాను. దాన్ని వాళ్ళ మనిషే చూసుకుంటాడు. నీకు శ్రమెందుకు?"

శ్రమెందుకు అనే మాట ఆమె అతనితో ఎన్నడూ అనలేదు. అది పరాయివాళ్ళతో అనే మాట.  ఫ్యూజు తను పెట్టిన దారిని తనే వెతికి, తీసేయమంటారా అని తెర అడిగితే అవునని నొక్కాడు. బావ గోడకున్న క్యాలెండరు చదువుతున్నాడు.

మెట్ల దాకా సాగనంపడానికి వచ్చింది బావే. ఇంటి తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి, "చెబుదామనే అనుకున్నానోయ్. మాట రాలేదు. సమయం చూసి చెబుతాను" అన్నాడు.

"ఫర్లేదు బావా. తప్పు నాదీ ఉంది. ఇంట్లో ఉన్నది పెట్టమన్నది నేనేగా."

ఓదారుద్దామని అన్నాడు ఆ మాట. బావ ముఖం ఒక్కసారిగా వెలిగింది. మునిగేవాడికి గట్టు అందినట్టు ఆ మాటని పట్టేసుకున్నాడు.

"అదే కదా నేననేది! నేను అడిగాను కూడా, ఏ పేస్టు అని. నువ్వు ఆ రోజు సరిగ్గా చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేదా? మాట అన్నాక విడమర్చి చెప్పాలోయ్" అన్నాడు. జేబులో ఎర్ర పెన్నుని ఒకసారి తడుముకుని, భుజం తట్టి, లోపలికి వెళ్ళిపోయాడు. ఈసారి చెప్పులు టకటకలాడాయి.

ఫ్యూజు రెండు మెట్లు దిగి ఆగిపోయాడు. ఇంత కోపం తనకి ఎప్పుడూ రాలేదు. వెనక్కి వెళ్ళి బెల్లు కొట్టి, పెచ్చు తుడిచి సంచిలో పెట్టుకున్న గుడ్డ తీసి అక్క ముక్కు దగ్గర పెడితే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. తిరిగి మెట్లెక్కాడు. బెల్లు మీద వేలు పెట్టాడు.

తలుపవతల బావ గొంతు వినిపించింది. ప్రెస్సు రోజుల నాటి గొంతు.

"పోనీలేద్దూ. వాడి పనితనం తెలిసిందేగా. ఫ్యూజు ఫ్యూజే."

 అక్క అంది, "మీరు ఊరుకోండి. నా తమ్ముణ్ని నేను తిట్టుకుంటాను. మీరనకండి."

ఫ్యూజు బెల్లు మీంచి వేలు తీసేశాడు. ఇప్పుడు తలుపు తీయిస్తే ఆమెకి తమ్ముడు తప్పులేనివాడుగా దొరుకుతాడు, మొగుడు మాత్రం అబద్ధాలాడినవాడుగా దొరికిపోతాడు. ఆమె ఏనాడూ బావని ఒక్క మాట అనలేదు. అనాల్సిన మాట ఆ గుడ్డలో, తన సంచిలో ఉంది.

సంచి జిప్పు పూర్తిగా లాగి, కళ్ళు తుడుచుకుని, మెట్లు దిగాడు. చేతులకి ఆ పుదీనా వాసన ఇంకా వదల్లేదు.