పడుకోని పేషెంటు

"పేషెంటుకి ట్యూబు ఉందా అండీ?" అని అడిగింది నర్సుల్ని పంపే ఏజెన్సీ అమ్మాయి ఫోన్లో.

"లేదు."

"బెడ్డు మీదేనా?"

"కాదమ్మా, శుభ్రంగా నడుస్తుంది. నాకంటే స్పీడుగా నడుస్తుంది. మతిమరుపు జబ్బు మా అమ్మకి. పక్కన ఒక మనిషి ఉండాలి, అంతే."

"అయ్యో, నడిచేవాళ్ళైతే కష్టమండీ. పడుకుని ఉండేవాళ్ళకైతే వెంటనే పంపిస్తాం."

టపాకాయకి ఒళ్ళు మండిపోయింది. ఇంట్లోవాళ్ళు ఆమెకి ఆ పేరు ఊరికే పెట్టలేదు. అమ్మ మంచాన పడితే తప్ప సాయం దొరకదట! ఇంజెక్షన్లు అక్కర్లేదు, సెలైన్లు అక్కర్లేదు. స్నానానికి పిలిచి, వేళకి తినిపించి, గ్యాసు కట్టేసి, వీధిలోకి వెళ్తే వెనకాలే వెళ్ళే మనిషి కావాలి. టపాకాయ కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. సెలవులన్నీ అయిపోయాయి. సోమవారం రాకపోతే ఇంకొకరిని చూసుకుంటానని ఓనరు మొహం మీదే చెప్పేశాడు.

అన్నయ్య మాత్రం ఫోన్లో, "నర్సునే పెట్టు. ఎవరో పనిమనిషి చేతిలో అమ్మని పెడతామా?" అని ఊదరగొడుతున్నాడు. అమ్మని చూసి ఏడాది దాటినవాడికి సలహాలకేం తక్కువ!

బతిమాలగా బతిమాలగా ఏజెన్సీ తెల్లకోటు వేసుకున్న ఒకావిడని పంపింది. అమ్మ ఆవిడని ఎగాదిగా చూసి, బీరువాలోంచి ఒక చొక్కా తీసి చేతిలో పెట్టింది. "ఏదీ, ఇస్త్రీ చెయ్యి, చూస్తా."

అమ్మ ముప్పై ఏళ్ళు లాండ్రీ నడిపింది. పనికోసం ఎవరు వచ్చినా ఊరూ పేరూ అడక్కుండా ముందు చొక్కా ఇచ్చేది. కాలరుతో మొదలుపెడితే పని దొరికినట్టు, వీపుతో మొదలుపెడితే వచ్చిన దారే పట్టినట్టు. షాపు మూసేశాక చాలా సంగతులు మరిచిపోయింది కానీ, ఆ పరీక్ష మరిచిపోలేదు.

"నేను పేషెంటుని చూడ్డానికొచ్చాను, బట్టలు ఇస్త్రీ చెయ్యడానికి కాదు" అంది తెల్లకోటు, మూతి ముడుచుకుని.

"పేషెంటా? ఎవరే పేషెంటు? రేపట్నుంచి రాకు!"

రెండో ఆవిడ సోఫాలో కూలబడి ఫోను చూసుకుంది. ఆవిడకీ అదే గతి పట్టింది. "అమ్మా, షాపు లేదే! ఎప్పుడో మూసేశాం!" అని టపాకాయ గొంతు చించుకుంది. అమ్మ బిక్కమొహం వేసింది. కాసేపటికి మళ్ళీ చొక్కా కోసం బీరువా తెరిచింది.

మూడో ఆవిడ శనివారం వచ్చింది. తెల్లకోటు లేదు, నోటికి తాళం లేదు. ఈసారి టపాకాయ గుమ్మంలోనే ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. "అక్కా, నువ్వు నర్సువి కాదు, ఆయావి కాదు. లాండ్రీలో పనికొచ్చావు. చొక్కా ఇస్తుంది, కాలరు ముందు చెయ్యి. నీకు దణ్ణం పెడతాను."

"దణ్ణాలెందుకమ్మా, చేస్తే పోలా!"

చేసింది. ప్లగ్గు పెట్టని ఇస్త్రీపెట్టెతో ముందు కాలరు, తర్వాత చేతులు. అమ్మ మొహం వెలిగిపోయింది. "ఇక్కడ కాస్త నొక్కు. ఆఁ, అలా!" ఇద్దరూ కబుర్లలో పడ్డారు. "మేడమ్, ఆకలేస్తోంది, తిని చేద్దాం" అని ఆవిడ అనగానే అమ్మ ఏ పేచీ లేకుండా లేచింది. ఇక సోమవారం షాపుకి వెళ్ళొచ్చు. ముద్దముద్దకీ యుద్ధం చేస్తూ వచ్చిన టపాకాయకి ప్రాణం లేచివచ్చింది, వెంటనే అసూయా పుట్టింది.

సాయంత్రం అమ్మ మడతపెట్టిన బట్టల మీద నీళ్ళు చిలకరిస్తూ చిలకరిస్తూ పరుపంతా తడిపేసింది.

"ఎన్నిసార్లు చెప్పాలే నీకు! ఇప్పుడెక్కడ పడుకుంటావు?" అని అరుస్తూ టపాకాయ చెంబు లాక్కుంది.

అమ్మ కొత్తావిడ వైపు తిరిగింది. "ఈ పిల్ల ఎప్పుడు చేరింది?"

ఆవిడ గబగబా తడిసిన బట్టలు ఏరడం మొదలుపెట్టింది.

"ఇంత కోపమైతే ఎలాగమ్మా? కస్టమర్లు పోతారు" అంది అమ్మ, టపాకాయతో నెమ్మదిగానే. "నువ్వింక పనికి రావద్దులే. పొద్దుపోతోంది, ఇంటికెళ్ళు. మీ అమ్మ ఎదురుచూస్తూ ఉంటుంది."

"నేనే అమ్మా" అనబోయింది. ఈలోపే అమ్మ తలుపు తీసి పట్టుకుని నిలబడింది. టపాకాయ చెప్పులు వేసుకుని, తన ఇంట్లోంచి తానే బయటికి వచ్చింది. మెట్ల దగ్గర ఫోను మోగింది.

"ఏమే, నర్సు దొరికిందా?" అన్నాడు అన్నయ్య.

"మనిషి దొరికింది. అమ్మ నన్ను పనిలోంచి తీసేసింది. నా చోటు ఖాళీగా ఉంది, నువ్వొచ్చి చేరు!"

అవతల అతను ఏదో అంటూండగానే ఫోను పెట్టేసి, మెట్ల మీద కూలబడి భోరుమంది.