పూజ కాని బండి

రాజిమ్ క్షేత్రంలో మహానది ఒడ్డున వెలసిన రాజీవలోచనా! శరణన్నవారి శుచిని, వేళను, వంశాన్ని అడగక కదలివచ్చే దయ నీది. ఈ కథ నా నోట కన్నీటికి తడిసిపోకుండా, కోపానికి కమిలిపోకుండా, జరిగింది జరిగినట్టుగా పలికేటట్టు నా వెనుక నిలబడు తండ్రీ.

ఆ ఉదయం ఒక చేత్తో పప్పుకు తాలింపు వేస్తూ, రెండో చేత్తో మైకు మీట నొక్కి, "వినిపిస్తోందండీ, ఓవర్" అంటున్నాను. ఈ హిందీ నేల మీద, భన్‌పురిలో మా ఇంటి ముందున్న రేకుల షెడ్డే మావారు వెంకటరత్నంగారి వర్క్‌షాపు. చుట్టుపక్కల ఉర్లా, సిల్తారా కార్ఖానాలవాళ్ళు కొన్న పెద్ద బళ్ళకు వైర్‌లెస్ సెట్లు, సైరన్లు, గాయపడినవాళ్ళను పడుకోబెట్టే స్ట్రెచర్లు, ఆక్సిజన్ సిలిండర్లు బిగించి ఇవ్వడం ఆయన వృత్తి. బిగింపు పూర్తయ్యాక ఆయన బండిని ఊరంతా తిప్పుతూ రేడియోలో పిలవాలి. ఇంట్లో ఉన్న సెట్టు దగ్గర కూర్చుని నేను బదులు పలకాలి. మాట ఏ మలుపులో తెగుతుందో, ఏ గోడల మధ్య గరగరమంటుందో అలాగే తెలుస్తుంది. మీట నొక్కినవాళ్ళు మాట్లాడాలి, మాట ముగిశాక 'ఓవర్' అని వదిలినవాళ్ళు వినాలి. ఒకరు మాట్లాడుతూ ఉండగా రెండోవారి మాట చేరదు. కాపురానికి వచ్చిన నాటి నుంచి నేను పాటిస్తున్న నియమమే గనుక నేర్చుకోవడానికి కష్టపడలేదు.

ఆ రోజు పరీక్షిస్తున్నది సిల్తారాలోని ఒక ఇనుము కార్ఖానావారి కొత్త సుమో అంబులెన్సు. దాని పొట్టలో పరుచుకున్న తీగలన్నీ మధ్యాహ్నాలు వంట ముగించుకుని నేను జడల్లా అల్లి టేపు చుట్టినవే. స్ట్రెచర్ పరుపుకు ముసుగు కుట్టింది నేను. మందులపెట్టెలో దూదీ గుడ్డపట్టీలూ సర్దింది నేను. "ఇంట్లో కూర్చుని తీగలు చుట్టడం కూడా పనేనటమ్మా? మా కాలంలో విస్తళ్ళు కుట్టేవాళ్ళం, ఎవరికీ చెప్పుకోలేదు" అనేవారు మా అత్తగారు పార్వతమ్మగారు. కార్ఖానా సాహెబులు మెచ్చుకుంటే మావారు నవ్వి, "మా ఆవిడకు తోచక ఏదో చేస్తూంటుంది" అనేవారు. తోచకపోవడమంటే ఏమిటో తెలుసుకునే తీరిక నాకు ఏనాడూ దొరకలేదు. మా నాన్నగారు వైష్ణవపండితులు. నా చిన్నతనంలో పక్కన కూర్చోబెట్టుకుని పద్యాలు వల్లె వేయించేవారు. పదిమందిలో తొణకకుండా పలకగల ఆ గొంతు చివరికి 'ఓవర్' అనడానికి మిగిలిందని నాలో నేనే నవ్వుకునేదాన్ని. అయినా ఆ రోజుల్లో నాకే విచారమూ అంటేది కాదు. ఇక పిల్లలు కలగరని చుట్టాలందరూ తేల్చేశాక కడుపు పండింది, అయిదో నెల. మైకు పట్టుకోని చెయ్యి ఎప్పుడూ పొట్ట మీదే ఉండేది.

పప్పు దించబోతూ ఉండగా నడుములో ఏదో తెగినట్టయింది. చీర కుచ్చిళ్ళు తడిశాయి. చూసుకున్నాను. అత్తగారు కోవెలకు వెళ్ళారు. గోడ పట్టుకుని మళ్ళీ మైకు అందుకున్నాను.

"ఏమండీ, ఎక్కడున్నారు? ఓవర్."

"సిల్తారా గేటు దాటాం. మాట గంట కొట్టినట్టుంది. ఓవర్."

"ఒక్కసారి ఇంటికి రండి. నాకు ఒంట్లో బాగాలేదు. ఓవర్."

ఇంటావిడ పిలుపా అంటూ అవతల ఎవరో సాహెబు నవ్వు. "క్యా రత్నంజీ, భాభీజీ కా బులావా?" ఆ వెనుకే మావారి గొంతు, నవ్వును అణచుకుంటూ: "కాస్త వాము నమిలి పడుకో ఆండాళూ. పరీక్ష సగంలో ఉంది. ఇంటి కబుర్లు ఇందులో చెప్పకూడదు. ఓవర్."

రక్తం అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది గాలిలో ఎగిరి, నేను మొహమైనా చూడని మగవాళ్ళ చెవుల్లో పడుతుంది. ఇంటికొచ్చాక ఆయన తలెలా ఎత్తుకుంటారన్నదే నాకు ముందు తోచింది. నా కడుపులోని ప్రాణం ఏమవుతుందన్నది ఆ తరువాత తోచింది. ఈ వరుస నాకు ఎవరు నేర్పారో తెలియదు, ఎంత చక్కగా నేర్చుకున్నానో మాత్రం ఆ క్షణం తెలిసింది. మీట నొక్కి పట్టుకున్నాను, నోరు పెగల్లేదు. నొక్కి ఉంచినంతసేపూ నా మౌనమే వాళ్ళకు చేరింది. వాళ్ళ పలుకు నాకు చేరలేదు.

కొంతసేపటికి బండి వచ్చింది. సాహెబులను కార్ఖానా దగ్గర దింపేసి, మావారూ డ్రైవరు నూకరాజూ భోజనానికి వచ్చారు. అప్పుడే కోవెల నుంచి వచ్చిన అత్తగారు గుమ్మంలో నన్ను చూసి నోరు నొక్కుకున్నారు. నూకరాజు వెనుక తలుపు తెరిచేశాడు.

"బాబూ, అమ్మగారిని ఇందులో పడుకోబెట్టేద్దారి. సైరనేసుకుని ఎగిరిపోతాను."

"ఆగరా!" అన్నారు అత్తగారు. "పూజ కాని కొత్త బండి. ఇంకా నిమ్మకాయైనా తొక్కలేదు. ఆ మైలతో ఎక్కిస్తే రేపు ఆ బండికేమైనా అయితే ఎవరిది పూచీ? పైగా పరాయివాళ్ళ సొత్తు."

నేను మావారి వంక చూశాను. ఆయన బండి వంక చూశారు. సీట్లకు తొడిగిన ప్లాస్టిక్ కవర్లు ఎండలో మెరుస్తున్నాయి.

"అమ్మ చెప్పిందీ నిజమే కదా... నూకరాజూ, రిక్షా పిలు. జల్దీ."

తలుపు మూసిన చప్పుడు విన్నాను. రిక్షాలో తల మీద ఎండ, ఒళ్ళో బిగించుకున్న పాత దుప్పటి, పక్కన నూకరాజు సైకిలు. మావారు కార్ఖానాకు కబురు చెప్పి వస్తానన్నారు. దారిపొడవునా కాళ్ళు దగ్గరగా చేర్చుకుని, అలా చేర్చుకుంటే ఆగుతుందేమోనని ఆశపడ్డాను.

ఆస్పత్రిలో కళ్ళు తెరిచేసరికి కాకినాడ యాసలో మాట్లాడే ఒక నర్సు, లీలావతి, నా చెయ్యి పట్టుకుని ఉంది. "ఆడపిల్ల అక్కా" అంది మెల్లగా. "కాస్త ముందుగా తెచ్చుంటే ఆపడానికి చూసేవాళ్ళం. బండేదీ దొరకలేదా?"

దొరికిందనీ లేదనీ చెప్పలేక గోడవైపు తిరిగాను.

నా మైల తీరేదాకా బండి పూజ ఆపారు. ఇంటి ముత్తయిదువే తొలి హారతి ఇవ్వాలని అత్తగారి పట్టు. పూజనాటి ఉదయం నాకు తలంటి పోసి, పట్టుచీర కట్టించి, "జరిగిందేదో జరిగింది, మొహం అలా పెట్టకు, సాహెబులొచ్చారు" అని పళ్ళెం చేతికిచ్చారు. సుమోకు బంతిపూల దండలు, కుంకుమ బొట్లు. కర్పూరం వెలుగుతోంది. నా కడుపును చూసి జాలిపడ్డవాళ్ళు ఎవరూ లేరు. బండి అందాన్ని అందరూ చూస్తున్నారు.

పళ్ళెం అత్తగారి చేతిలో పెట్టాను. వెనుక తలుపు తెరిచి, ఎక్కి, స్ట్రెచర్ మీద వెల్లకిలా పడుకున్నాను.

"అయ్యో, ఇదేం అపచారమే! శుభమా అని పూజ చేసుకుంటూంటే రోగిలా ఆ పడుకోవడమేమిటి?"

"ఆండాళూ, దిగు. సాహెబులు చూస్తున్నారు" అన్నారు మావారు పళ్ళు బిగించి.

నా గొంతు నాకే వింతగా, స్థిమితంగా వినిపించింది.

"అత్తయ్యగారూ, నెత్తురు కారనివాడు ఈ బండి ఎందుకు ఎక్కుతాడు? మైలపడినవాళ్ళ కోసమే కదా దీన్ని ఇంత శ్రద్ధగా తయారుచేశాం?"

అత్తగారి చేతిలో కర్పూరం కొండెక్కింది. మావారు తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. బిడ్డ పోయిన రోజు తరువాత మొదటిసారి నా కళ్ళలోకి చూశారు.

"ఆస్పత్రి దాకా నడపండి" అన్నాను. "ఇకమీదట మీరు బిగించే ప్రతి బండిలోనూ మొదట నేను పడుకుంటాను. ఏ దినమైనా, ఏ స్థితిలోనైనా. హారతి ఆ తరువాత. దీనికి మీరు ఒప్పుకుంటేనే నేను ఈ ఇంట్లో ఉంటాను."

ఆయన వెనుక తలుపు మూసి, వెళ్ళి స్టీరింగు ముందు కూర్చున్నారు.

ఈ కథ చెవినిడిన తల్లులకు, నోట రాని మాటను కూడా వినే తోడు దొరుకు గాక. విన్న మగవారికి, పిలుపు ముగియకముందే లేచే కాళ్ళు కలుగు గాక. పుట్టిన బిడ్డలకు ఆయువు, పుట్టక వెళ్ళిన బిడ్డలకు శాంతి, వారిని మోసిన కడుపులకు ఓదార్పు లభించు గాక.