గోడ మీది దుర్గమ్మకు ఒక భక్తుడు కావాలి

"ముప్పై ఏడు గోడలు చూపించావు. ఒక్క మనిషి లేడు. మనది సైకాలజీ డిపార్ట్‌మెంటా, సున్నం కొట్టే కాంట్రాక్టా?" అన్నారు గైడ్ కమలాదేవి మేడమ్.

సాయంత్రం నాలుగింటిలోగా, గోడ మీది దేవుడికి నిజంగా దణ్ణం పెడుతున్న మనిషి ఫొటో పంపకపోతే ఆ అధ్యాయం థీసిస్‌లోంచి తీసేయాలి. వెంకటకృష్ణ రెండేళ్లు దాని మీదే కూర్చున్నాడు. గోడ పక్కన ఎవరూ ఒంటేలు పోయకుండా వేయించిన బొమ్మ కూడా కొన్నాళ్లకు జనం చేత మొక్కించుకుంటుందని అతని సిద్ధాంతం. చదువుకోని జనం చేత అని రాయలేదు కానీ, అర్థం అదే.

రెయిన్‌కోటు టోపీ కనుబొమ్మల దాకా లాక్కుని క్యాంపస్ నుంచి తార్నాక వచ్చాడు. మెట్రో స్టేషన్ వెనక సందులో ఒక హాస్టల్ ప్రహరీ మీద దుర్గమ్మ, మక్కా, శిలువ వరసగా ఉన్నాయి. ఏ మతం వాడికీ అక్కడ వెసులుబాటు లేదు.

వానలో గంటన్నర నిలబడ్డాడు. కోచింగ్ పిల్లలు బ్యాగులు నెత్తిన పెట్టుకుని పరుగెత్తారు. ఒక ఆటో ఆగింది. డ్రైవరు హడావిడిగా దిగి గోడ దాకా వెళ్లి, దుర్గమ్మను చూసి, నాలుక కరుచుకుని మళ్లీ ఆటో ఎక్కాడు. భయం దొరికింది. భక్తి దొరకలేదు.

మూడున్నరకు హాస్టల్ వాచ్‌మన్ పరుశురాం దగ్గరికి వెళ్లాడు.

"అన్నా, ఒక్కసారి ఆ అమ్మవారికి దణ్ణం పెడతారా? ఫొటో తీసుకుంటాను."

"నేనెందుకు పెడత సారూ? బొమ్మ ఏపిచ్చేటప్పుడు గా గోడ కడిగిందే నేను. గాడ ఎంతమంది పోసిన్రో నాకెరుక. మా అమ్మోరు నల్లకుంటల ఉన్నది. శుక్రారం శుక్రారం పోత."

ఇలాంటి మనిషికి సిద్ధాంతంలో చోటు లేదు.

"పోనీ, ఊరికే నటించండి."

"దేవుని ముంగట యాక్టింగా?" పరుశురాం నవ్వాడు. "మీరే పెట్టున్రి. నేను తీస్త. మస్తు తీస్త ఫొటోలు."

గడియారం చూసుకుని వెంకటకృష్ణ ఫోను అతని చేతికిచ్చాడు. ఎవరూ చెప్పకుండానే చెప్పులు విడిచి నీళ్లలో నిలబడ్డాడు. భుజాలు ఎంత వంచాలి, తల ఎంత దించాలి, అన్నీ లెక్క ప్రకారం చేశాడు. సహజంగా ఉంటుందని కళ్లు మూసుకున్నాడు.

అమ్మా, ఈ ఒక్క అధ్యాయం గట్టెక్కించు, అంది లోపల ఒక గొంతు. ఎవరిదా అని తేల్చుకునేలోపే, తప్పులుంటే క్షమించు అని కూడా అనేసింది.

"కండ్లు తెరువున్రి సారూ. ఎప్పుడో తీసిన."

ఫొటోలో ముఖం టోపీ కింద చీకటిగా ఉంది. జోడించిన చేతులు, తడిసిన ఉత్త కాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. కింద ఇలా టైపు చేసి మేడమ్‌కు పంపాడు: 'తార్నాక. పేరు చెప్పని భక్తుడు. పెద్దగా చదువుకున్నట్టు లేడు.'

నాలుగింటికి రెండు నిమిషాల ముందు జవాబొచ్చింది.

"ఏమంటున్నరు?" అన్నాడు పరుశురాం.

వెంకటకృష్ణ పైకి చదివాడు. "అద్భుతం. ఇది నటిస్తే వచ్చేది కాదు. అధ్యాయం ఉంచు. అతన్ని వదలకు. అమ్మవారిని ఏం కోరుకున్నాడో అడిగి రాయి."

"అడుగున్రి మరి," అన్నాడు పరుశురాం, "గాయన గీడనే ఉన్నడు గద."